జూలో ఫొటోకు చోటు చూపండి: అధికారులకు బహిరంగ లేఖ

బెంగళూరు, చెన్నై చుట్టుపక్కల జంతు ప్రదర్శనశాలలు నడిపే అధికారులకు, అటవీ శాఖ పెద్దలకు, రహదారుల ఇంజనీర్లకు నమస్కారం.

మేం బెంగళూరులో ఉంటూ వన్యప్రాణుల ఫొటోలు తీసే, తీయడం నేర్పే తెలుగువాళ్లం కొందరం. ఎండనకా వాననకా జంతువుల్ని సాకే కీపర్ల కష్టం మాకు తెలుసు. కింద రాసినవన్నీ ఇంతకుముందే సలహాల పెట్టెల్లో వేశాం, ఈమెయిల్‌లో పంపాం, కౌంటర్ల దగ్గర నోటితో చెప్పాం. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ పెడుతున్నాం. ఏ ఒక్క జూ మీదో ఫిర్యాదుగా దీన్ని తీసుకోవద్దు. చాలాచోట్ల కనిపించే లోపాలివి.

అసలు సంగతి సూటిగా చెబుతాం. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చిన అమ్మానాన్నల్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని జూకు వచ్చిన కుటుంబం పులి ఫొటో తీసుకోకుండా ఇంటికి వెళ్లదు. ఆ ఫొటోకు భద్రమైన చోటు మీరు చూపనప్పుడు వాళ్లు రెయిలింగ్ మీదికి వంగుతారు, అద్దం మీద కొడతారు, పిట్టగోడ మీద పిల్లాణ్ని నిలబెడతారు. బోర్డులు, జరిమానాలు, గార్డుల విజిళ్లు ఎన్నేళ్లుగానో ఉన్నాయి. అయినా ఇది ఆగలేదంటే కారణంలో సగం కట్టడంలోనే ఉందని మా నమ్మకం. ఎక్కడెక్కడ ఉందో వరుసగా చెబుతాం.

1. ఇనుప వల

వల వెనక ఉన్న జంతువును పెద్ద కెమెరాతో తీసేవారికి ఇబ్బంది తక్కువ. 200 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/2.8 దాకా తెరిస్తే దాని రంధ్రం వెడల్పు సుమారు 71 మి.మీ. అంత రంధ్రానికి 3 మి.మీ. తీగ ఒక లెక్కలోది కాదు, ఫొటోలో కరిగిపోతుంది. లెన్స్ వలకు దగ్గరగా, జంతువు వలకు దూరంగా ఉంటే చాలు.

ఫోన్ సంగతి వేరు. దాని ప్రధాన లెన్స్ రంధ్రం సాధారణంగా రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే. తీగ మందమూ దాదాపు అంతే. కాబట్టి మీటరున్నర దూరంలో ఉన్న వల ఫోన్‌లో ఎప్పటికీ కరగదు, పులి ముఖం మీద గళ్లుగళ్లుగా పడుతుంది. పైగా ఆటోఫోకస్ పులిని వదిలేసి వలను పట్టుకుంటుంది. ఫోన్‌ను వల కన్నుకు ఆనిస్తేనే ఫొటో శుభ్రంగా వస్తుంది. ఒకటి రెండు సార్లు తీసి చూసిన ఎవరికైనా ఈ సంగతి అర్థమైపోతుంది. అర్థమైన మరుక్షణం అడ్డుకంచె మీంచి వంగి చేయి చాస్తారు. లక్ష రూపాయల లెన్స్ ఉన్నవారు దూరంగా నిలబడి తీసుకుంటారు, పదివేల ఫోన్ ఉన్నవారు పంజా అందే దూరానికి చేతిని తీసుకెళతారు. ప్రమాదం ఎవరి వంతుకు వస్తోందో దయచేసి గమనించండి.

దీనికి తోడు వల రంగు. పెయింట్ వేయని గాల్వనైజ్డ్ (జింక్ పూత పూసిన) తీగ ఎండలో మెరిసి, ఫొటో అంతా పాలు పోసినట్టు తెల్లగా చేస్తుంది. మ్యాట్ నలుపు వేసి, మీద నీడ పడేలా చేస్తే అదే వల కంటికీ కెమెరాకూ సగం మాయమవుతుంది. ఇది తెలియని సంగతేమీ కాదు, చేయని పని.

2. అద్దం

మామూలు అద్దం ఒక్కో ముఖం దాదాపు 4 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది, రెండు ముఖాలకూ కలిపి 8 శాతం. వినడానికి తక్కువే. కానీ సందర్శకులు ఎండలో, జంతువు నీడలో ఉంటే బయట వెలుతురు లోపలికంటే 50 రెట్లు ఉండటం మామూలే. 50లో 8 శాతమంటే 4. అంటే జంతువు నుంచి వచ్చే వెలుతురు ఒక వంతైతే, మన చొక్కాల ప్రతిబింబం నాలుగు వంతులు. అందుకే చిరుతపులి ఫొటో తీస్తే మనమే పడతాం. సందర్శకులు నిలబడే వైపు కప్పు వేసి నీడ చేస్తే ఈ లెక్క తిరగబడుతుంది. చాలాచోట్ల కప్పు జంతువు వైపే ఉంది.

ప్రతిబింబం అడ్డొచ్చినప్పుడు జనం చేసేది ఏమిటంటే, జంతువు అద్దం దగ్గరికి వచ్చేదాకా అరచేత్తో కొట్టడం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38జె సెక్షన్ జూలో జంతువుల్ని ఏడిపించడాన్ని, మేత పెట్టడాన్ని, శబ్దంతో బెదరగొట్టడాన్ని నిషేధిస్తోంది. అద్దం మీద కొట్టడమూ అందులోకే వస్తుంది. కొట్టేవారిలో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు. చెప్పే బోర్డు ఉన్నా మన భాషలో ఉండదు.

అద్దం కడగడంలోనూ పొరపాటు జరుగుతోంది. దుమ్ము పట్టిన అద్దాన్ని పొడిగుడ్డతో రుద్దితే ఆ దుమ్మే గీతలు పెడుతుంది. అక్రిలిక్, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ పలకలైతే మరీ తొందరగా పాడవుతాయి. బెంగళూరు బోరునీళ్లతో కడిగి ఎండలో ఆరనిస్తే సున్నపు మరకలు తెల్లగా మిగులుతాయి, కొన్నాళ్లకు అవి వదలవు.

3. కందకం, పిట్టగోడ

1855లో మద్రాసులో మొదలైన జూ 1985లో చెన్నై శివారు వండలూరుకు మారినప్పుడు పెద్ద జంతువులకు కందకాలున్న విశాలమైన ఎన్‌క్లోజర్లు వచ్చాయి. జంతువుకు ఇది మేలు. ఫొటోకూ వల అడ్డుండదు. కానీ జంతువు 25 మీటర్ల దూరంలో ఉంటే, మామూలు ఫోన్ కెమెరాలో ఆ దూరాన దాదాపు 35 మీటర్ల వెడల్పు దృశ్యం పడుతుంది. రెండు మీటర్ల పులి అందులో పదిహేడో వంతు. జూమ్ చేస్తే మసక. అందుకని నాలుగడుగులైనా దగ్గరవుదామని పిట్టగోడ ఎక్కుతారు. ఎక్కినందువల్ల పులి పెద్దదవదు. 25 మీటర్లలో ఒక మీటరు తగ్గితే ఫొటోలో తేడా కనిపించదు కూడా. ఈ ఒక్క ముక్క గోడ దగ్గర బొమ్మ వేసి చూపితే సగంమంది ఎక్కరు.

2014 సెప్టెంబరులో ఢిల్లీ జూలో తెల్లపులి ఎన్‌క్లోజర్‌లో పడిన యువకుడు, 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో సింహం ఎన్‌క్లోజర్‌లోకి దిగిన వ్యక్తి ప్రాణాలతో బయటికి రాలేదు. వాళ్లు ఎందుకు అక్కడికి చేరారన్నది మా వాదన కాదు. గోడకూ జంతువుకూ మధ్య మనిషి చేరగలిగితే ఏమవుతుందో చెప్పడానికే ఇది. చిన్నపిల్లలకు గోడ మీంచి ఏమీ కనిపించదు, కాబట్టి తండ్రి ఎత్తి గోడ మీద నిలబెడతాడు. ఆ తండ్రిని తిట్టే ముందు ఆ పిల్లాడి ఎత్తులో ఒకసారి కూర్చుని చూడమని కోరుతున్నాం.

4. చీకటి గది

రాత్రిపూట తిరిగే జంతువుల్ని ఉంచే గదుల్లో ఫ్లాష్ వద్దని రాసి ఉంటుంది. ఫ్లాష్ పడుతూనే ఉంటుంది. తీసేవారిలో చాలామందికి తమ ఫోన్ ఆటో ఫ్లాష్‌లో ఉందని తెలియదు, అదే కారణం. తెలిసి ఆపినవారి కెమెరాల్లోనూ ఫోకస్ కోసం వెలిగే చిన్న దీపం మిగిలిపోతుంది. దాన్ని మెనూలో వేరుగా ఆపాలి. ఇంకో విషయం: ఫోన్ ఫ్లాష్ రెండు మూడు మీటర్లు దాటి పనిచేయదు, అద్దం ముందు వేస్తే తిరిగి మన ఫొటోనే తెల్లగా మాడ్చేస్తుంది. అంటే జంతువు బెదిరినా తీసినవారికి దక్కేది ఏమీ లేదు.

5. మధ్యాహ్నం

పన్నెండు నుంచి మూడు దాకా పులి, సింహం లాంటి పెద్ద పిల్లులు పడుకుంటాయి. టూర్ వ్యాన్లు జనాన్ని దించేది సరిగ్గా ఆ వేళకే. లేపడానికి ఈలలు, కేకలు, ఒక్కోసారి రాళ్లు.

6. సఫారీ బస్సు

ఇంజన్ ఆడుతున్న బస్సు కిటికీ చట్రానికి చేయి ఆనిస్తే వణుకంతా ఫొటోలోకి వస్తుంది. చేతులు ఒంటికి ఆనించి, షట్టర్ 1/500 సెకనుకంటే ఎక్కువసేపు తెరిచి ఉండకుండా చూసుకోవాలి. ఫోన్‌లో ఆ వెసులుబాటు చాలామందికి దొరకదు. డ్రైవరు అరనిమిషం ఇంజన్ ఆపితే బస్సులో అందరికీ ఫొటో దొరుకుతుంది. ఆపనప్పుడు అందరూ ఒకవైపు ఎగబడతారు, కిటికీకి బిగించిన వల సందుల్లోంచి ఫోన్లు బయటికి వస్తాయి.

2025 ఆగస్టులో బెంగళూరు దగ్గరి బన్నేరుఘట్ట సఫారీలో చిరుత పంజా వాహనం కిటికీలోంచి తగిలి ఒక బాలుడు గాయపడ్డాడు. ఫొటో కోసం వలలో తెరిచి ఉంచే కంత ఎంత చిన్నదైనా అందులోంచి పిల్లల వేళ్లు పడతాయి. ఫోన్లు నిషేధిస్తే తేలిపోతుందని కొందరంటారు. జేబులోంచి తీసే ఫోన్‌ను ఎవరు ఆపగలరు? కంత మూసి, అక్కడ పారదర్శకమైన పలక బిగిస్తే చేయి బయటికి పోయే దారే ఉండదు.

7. దారిలో

జూ ప్రయాణం జూ గేటు దగ్గర మొదలవదు. బెంగళూరు నుంచి మైసూరు, అక్కడి నుంచి బందీపూర్ అడవికి వెళ్లే కుటుంబం రామనగర గుట్టల దగ్గరే మొదటి ఫొటో తీయాలనుకుంటుంది. సాయంత్రం వెలుగులో ఫోన్ తనంతట తాను షట్టర్‌కు 1/60 సెకను ఎంచుకుంటే, 80 కి.మీ. వేగంతో వెళ్లే కారు ఆ కాస్త వ్యవధిలో 37 సెంటీమీటర్లు కదులుతుంది. రోడ్డు పక్కవన్నీ చెదిరిపోతాయి. దాంతో కారు అంచున ఆపుతారు. వెనక 100 కి.మీ. వేగంతో వచ్చే లారీ సెకనుకు 28 మీటర్లు దూసుకొస్తుంది. పిల్లలు దిగేది ఎడమ తలుపు నుంచో కుడి తలుపు నుంచో ఆ లారీ డ్రైవరుకు తెలియదు.

అడవిలో ఇది మరీ ప్రమాదం. బందీపూర్ గుండా వెళ్లే రోడ్డు మీద 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలకు నిషేధం ఉంది, పగలు కూడా ఆగకూడదు. అయినా ఆగుతున్నారు. 2025 ఆగస్టులో అక్కడ ఏనుగుతో ఫొటో తీసుకోబోయిన వ్యక్తి దాని కాళ్ల కింద పడి ఎలాగో బతికి బయటపడ్డాడు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచు రోడ్ల మీదా ఏనుగులు తిరుగుతాయి. ఒక బండి ఆగితే వెనక పది ఆగుతాయి, ఏనుగు దాటే దారి మూసుకుపోతుంది. అప్పుడు అది ముందుకొస్తే, ఫొటో తీయని బైకు మనిషి కూడా ఇరుక్కుంటాడు.

8. టికెట్, సెలవు

బన్నేరుఘట్ట, మైసూరు, వండలూరు జూలకు మంగళవారం సెలవు. హైదరాబాద్, విశాఖ జూలకు సోమవారం. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవారు సోమవారం తప్పించుకుని మంగళవారం వస్తారు, మూసిన గేటు చూస్తారు. వ్యాను అద్దె, ఒక రోజు సెలవు, పిల్లల ఆశ మూడూ పోతాయి. ఇక కెమెరా రుసుము. ఏది మామూలు కెమెరా, ఏది పెద్ద కెమెరా అన్నది కౌంటర్‌లో ఎవరుంటే వాళ్లిష్టం. అయిదు రెట్లు, పది రెట్లు జూమ్ ఉన్న ఫోన్‌కు ఒక లెక్క, పాత చిన్న కెమెరాకు మరో లెక్క. వరుసలో వెనకున్నవాళ్లు విసుక్కుంటారు, తాత దగ్గరున్న కెమెరా కారులోకి తిరిగి వెళుతుంది. మూసిన కారులోని వేడికి బ్యాటరీ పాడయితే ఆ నష్టమూ ఆయనదే.

అధికారులకు చెప్పేముందు మనవాళ్లకూ ఒక మాట. ఏసీ 22 డిగ్రీల్లో పెట్టుకుని బెంగళూరు నుంచి చెన్నై దాకా వచ్చి, వండలూరులో తలుపు తీయగానే కెమెరా బయటపెడితే లెన్స్ మీద మంచు పడుతుంది. చెన్నై గాలిలో తేమ అంత. చొక్కా కొసతో తుడవకండి, గీతలు పడతాయి, మళ్లీ మంచు పడుతుంది. కెమెరాను జిప్ వేసిన సంచిలోనే ఉంచి 20, 30 నిమిషాలు బయటి వేడికి అలవాటు పడనివ్వండి. ఏసీ గాలి నేరుగా తగిలేచోట దాన్ని పెట్టకండి. అద్దం దగ్గర ముదురు రంగు చొక్కా వేసుకుని, ఫోన్‌ను కొట్టకుండా మెల్లగా ఆనించి, చుట్టూ అరచేయి అడ్డం పెట్టండి. ప్రతిబింబం పోతుంది. పోలరైజర్ (ప్రతిబింబాన్ని తగ్గించే ఫిల్టర్) ఉన్నవారు అద్దానికి ఎదురుగా నిలబడితే అది పనిచేయదు, బాగా పక్కకు జరిగి ఏటవాలుగా చూడాలి. మేత వేసి ఫొటో తీసే అలవాటు మానండి. కోతికి ఇచ్చిన చిప్స్ ప్యాకెట్ తర్వాత వచ్చే పిల్లాడి చేతిమీద గాటుగా తేలుతుంది.

మేం అడుగుతున్నవి ఇవి:

1. వల ఉన్న ప్రతి పెద్ద జంతువు ఎన్‌క్లోజర్ దగ్గర ఒక ఫొటో చోటు కేటాయించండి. వలలో రెండు ఎత్తుల్లో, పిల్లలకు 90 సెంటీమీటర్ల దగ్గర, పెద్దలకు 150 సెంటీమీటర్ల దగ్గర, లామినేటెడ్ (పగిలినా ముక్కలు ఊడిపోని) అద్దం బిగించి ఫోన్ ఆనించే వీలు కల్పించండి. మందం, బిగింపు మీ ఇంజనీర్లు, పశువైద్యులు కలిసి తేల్చాలి. మిగతా వలకు సందర్శకుల చూపు పడే మేర మ్యాట్ నలుపు వేయండి. గాల్వనైజ్డ్ తీగ మీద నేరుగా వేస్తే పెయింట్ పొరలుగా ఊడుతుంది. జిడ్డు కడిగి, ఎచ్ ప్రైమర్ (పెయింట్ పట్టుకునేలా ముందు వేసే పూత) వేసి, ఆరాక రెండు పూతలు వేయాలి. సీసం లేని పెయింటే వాడాలి. వాసన పోయేదాకా జంతువును ఆ వైపు వదలకూడదు.

2. అద్దాల దగ్గర సందర్శకుల వైపు కప్పు వేయండి. గేట్లు తెరిచేముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ముందు నీళ్లు చల్లి దుమ్ము కిందికి జార్చి, తేలికైన సబ్బునీళ్లతో తుడిచి, రబ్బరు వైపర్‌తో లాగించండి. చివరి కడుగుడుకు సున్నం, లవణాలు లేని నీళ్లు వాడండి. అక్రిలిక్ మీద అమ్మోనియా ద్రవాలు వద్దు, పలకలో పగుళ్లు వస్తాయి.

3. కందకాల దగ్గర పిట్టగోడకు కనీసం మీటరు వెనక ఒక మెట్టు ఎత్తున అరుగు కట్టండి. గోడను ఆనుకుని కడితే గోడ ఎత్తు తగ్గినట్టే అవుతుంది, కాబట్టి వెనక్కే ఉండాలి. అరుగు మీదే స్థిరంగా బిగించిన దుర్భిణి ఒకటి పెడితే ఫోన్‌ను దాని కంటికి ఆనించి దగ్గరగా తీసుకోవచ్చు.

4. చీకటి గది గుమ్మానికి ముందు ఒక బల్ల, ఒక మనిషి, బొమ్మలతో బోర్డు: మెరుపు గుర్తు నొక్కాలి, గీత కొట్టిన గుర్తు ఎంచుకోవాలి, స్క్రీన్ వెలుతురు తగ్గించాలి, నైట్ మోడ్‌లో ఫోన్‌ను రెయిలింగ్‌కు ఆనించి మూడు సెకన్లు కదలకుండా పట్టుకోవాలి. ఇంతే.

5. ఏ జంతువు ఏ వేళ చురుగ్గా ఉంటుందో, కీపరు ఎప్పుడు మాట్లాడతారో టికెట్ వెనక అచ్చు వేయండి. టూర్ వ్యాన్ల వారికి ముందే పంపండి.

6. సఫారీలో ఆగే చోట్లు నిర్ణయించి, అక్కడ అరనిమిషం ఇంజన్ ఆపాలని డ్రైవర్లకు రాతపూర్వకంగా చెప్పండి. జంతువు వాహనానికి మరీ దగ్గరగా ఉంటే ఆపకుండా కదలాలని కూడా అందులోనే రాయండి. తెరిచిన కంతలన్నీ మూసి పలకలు బిగించండి.

7. రహదారుల ఇంజనీర్లకు: గుట్టలు, చెరువులు కనిపించే చోట్ల ప్రధాన మార్గం నుంచి విడిగా, అడ్డుగోడ వెనక బండ్లు ఆపుకునే స్థలం ఇవ్వండి, రెండు కిలోమీటర్ల ముందే బోర్డు పెట్టండి. అడవి రోడ్డుకు మాత్రం అలాంటి స్థలం వద్దు. అడవి మొదలయ్యే ముందు, చెక్‌పోస్టు దగ్గరే ఇవ్వండి.

8. సెలవు రోజు, కెమెరా రుసుము, ఏ పరికరానికి ఎంతో కన్నడ, తమిళం, ఇంగ్లిషుతో పాటు తెలుగులోనూ గేటు దగ్గర, వెబ్‌సైట్‌లో పెట్టండి. ఏడాదిలో ఆ రుసుము ఎంత వచ్చిందో, అందులో అద్దాలకు, వలలకు ఎంత ఖర్చయిందో కూడా రాయండి. ఫొటో పేరు చెప్పి వసూలు చేసే డబ్బు ఫొటో తీసే చోటును బాగుచేయడానికి వెళ్లాలన్నది న్యాయమైన కోరికే.

ఈ లేఖకు 60 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాం. వీటిలో ఏది వెంటనే కుదురుతుంది, ఏది కుదరదు, ఎందుకు కుదరదన్నది ఒక్కో అంశానికి విడివిడిగా చెప్పండి. పెయింట్ పనికి, బోర్డుల అనువాదానికి, చీకటి గది దగ్గర సెలవు రోజుల్లో నిలబడి సందర్శకులకు ఫోన్ సరిచేసి ఇవ్వడానికి మాలో కొందరం జీతం లేకుండా వస్తాం. గడువులోగా జవాబు రాకపోతే కెమెరా రుసుము లెక్కల కోసం 2005 సమాచార హక్కు చట్టం కింద ప్రతి జూకూ విడిగా దరఖాస్తు పెడతాం. వచ్చిన సమాధానాలను తెలుగులో అందరికీ అందుబాటులో ఉంచుతాం.

ఇట్లు,
బెంగళూరులో ఉంటున్న కొందరు తెలుగు ఫొటోగ్రాఫర్లు